ముందు మాట్లాడినవారే నాయకులా?



మీ విచారణలో పండుగ ఏర్పాట్ల కోసం పదిమంది కూడిన ఒక సాయంత్రాన్ని గుర్తు తెచ్చుకోండి. అక్కడ ఎవరినీ నాయకుడిగా ఎన్నుకోలేదు. అయినా అరగంట గడిచేసరికి అందరి చూపులూ ఒకరి వైపే తిరుగుతాయి. "మీరేమంటారన్నా?" అని ఆయన్నే అడుగుతారు. ఆయన తల ఊపితే పందిరి ఖాయం, పెదవి విరిస్తే ఆ మాట అంతటితో సరి. మరి ఆయన్ను నాయకుణ్ణి చేసినది ఏమిటి? ఆయన సామర్థ్యమా, మన చూపా? ఈ వారం మనస్తత్వ శాస్త్రం సాయంతో ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

మొదటిది: మాట

గుంపులో ఎక్కువగా మాట్లాడేవారిని నాయకులుగా భావించడం మానవ నైజం. అమెరికాలో క్యామరాన్ ఆండర్సన్, గావిన్ కిల్డఫ్ అనే పరిశోధకులు కొందరిని చిన్న చిన్న బృందాలుగా కూర్చోబెట్టి లెక్కలు చేయించారు. ఫలితాలను 2009లో ప్రకటించారు. చొరవగా మాట్లాడినవారిని తక్కినవారు సమర్థులుగా ఎంచారు. నూటికి 94 సార్లు బృందం మొదట వినబడిన జవాబునే ఖాయం చేసుకుంది. తీరా చూస్తే, ఆ చొరవగలవారికి లెక్కలు ఇతరులకంటే బాగా వచ్చినదేమీ లేదు. వారిలో ఉన్నది ధీమా. దానినే మిగిలినవారు తెలివి అనుకున్నారు.

రెండవది: చోటు

1951లో హెరాల్డ్ లెవిట్ అనే శాస్త్రజ్ఞుడు మరొక ప్రయోగం చేశాడు. అయిదుగురికి ఒక చిక్కు ప్రశ్న ఇచ్చి, చీటీల ద్వారా మాత్రమే సంప్రదించుకోమన్నాడు. ఒక ఏర్పాటులో చీటీలన్నీ మధ్యనున్న ఒక్కరి గుండానే పోవాలి. చివరకు "మీ నాయకుడెవరు?" అని అడిగితే, దాదాపు అందరూ ఆ మధ్యవారినే చూపించారు. ఆ స్థానంలో ఎవరిని కూర్చోబెట్టినా జరిగేది ఇదే. మన సంఘాల్లో లెక్కల పుస్తకం, తాళంచెవులు, ఫోను నంబర్లు ఎవరి దగ్గర ఉంటాయో గమనించండి. సమాచారం ఎవరి చేతిలో ఉంటే పెద్దరికం వారి ఇంటికే నడిచి వస్తుంది.

మూడవది: కాంతి వలయం

పునీతుల పటాల్లో తల వెనుక వెలుగు వలయం చూస్తాం కదా! 1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వవేత్త ఆ పేరునే మన ఒక పొరపాటుకు పెట్టాడు. సైన్యంలో అధికారులు తమ క్రింది వారికి శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, శీలం వంటి గుణాలకు విడివిడిగా మార్కులు వేశారు. చూడగా, ఒక దానిలో మంచి మార్కులు వచ్చినవారికి తక్కినవాటిలోనూ వచ్చాయి. మనిషి ఎత్తుగా, దిట్టంగా ఉంటే తెలివైనవాడు, నిజాయితీపరుడు కూడా అనుకుంటాం. ఇస్త్రీ చొక్కాకు, నాలుగు ఇంగ్లీషు ముక్కలకు మనం ఇచ్చే గౌరవం ఇటువంటిదే.

కనబడని నాయకులు

మన చూపు ఇలా ఉన్నప్పుడు నష్టపోయేది ఎవరు? నెమ్మదిగా మాట్లాడేవారు, చదువు లేనివారు, స్త్రీలు, వెనుక బెంచీలో కూర్చునే పిల్లలు. వారితోపాటు, వారి ఆలోచన వినని సంఘమూ నష్టపోతుంది.

నెల్లూరు జిల్లా దూబగుంటను తలచుకోండి. 1990ల ఆరంభంలో అక్కడ అక్షరాస్యతా తరగతులకు వచ్చిన పేద స్త్రీలు తమ కష్టాలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. చెప్పుకున్నకొద్దీ అందరి ఇంటి కన్నీరూ సారా దగ్గరే తేలింది. వారు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. వారిలో వర్ధినేని రోశమ్మ పేరు దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా తెలిసింది. ఆమెకు పెద్ద చదువూ లేదు, పదవీ లేదు. ఆ ఉద్యమం జిల్లాలు దాటి, 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధానికి దారితీసింది. ఊరి పెద్దలెవరని ముందుగా జాబితా రాస్తే, ఆ స్త్రీల పేర్లు అందులో ఉండేవా? నోరు విప్పే చోటు దొరికింది గనుకనే వారి నాయకత్వం బయటపడింది.

మంచి నాయకుణ్ణి గుర్తించేదెలా?

1939లో కుర్ట్ లెవిన్, ఆయన సహచరులు ప్రకటించిన బాలుర సంఘాల పరిశోధన ఒక మంచి గుర్తు చూపిస్తుంది. ఆజ్ఞలు జారీచేసే పెద్ద ఉన్నంతసేపూ పిల్లలు పని చేశారు. ఆయన గది దాటగానే పని కుంటుపడింది. కలిసి నిర్ణయించుకోనిచ్చిన పెద్ద బయటకు వెళ్ళినా పని సాగింది. కాబట్టి నాయకుడు ఉన్నప్పుడు కాదు, లేనప్పుడు సంఘం ఎలా ఉందో చూడండి.

ఇక ఈ వారం మూడు పనులు చేసి చూడండి. సమావేశంలో చర్చకు ముందే ప్రతి ఒక్కరి అభిప్రాయం చీటీపై రాయించండి. రాయలేనివారిని ముందుగా అడగండి. పెద్దలు చివర మాట్లాడండి. లెక్కలు, తాళంచెవులు ఏడాదికొకసారి చేతులు మార్చండి.

ఇంట్లోనూ ఇంతే. భోజనాల దగ్గర ఏదైనా నిర్ణయించేటప్పుడు నాన్నగారు ముందు చెప్పేస్తే పిల్లలు ఆ మాటకే తల ఊపుతారు. ఈసారి ఎప్పుడూ మాట్లాడని బిడ్డను ముందు అడగండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. కాస్త ఆగండి. ఆ మౌనాన్ని మన మాటతో నింపేయకుండా ఉండటమే ఈ పాఠంలో కష్టమైన భాగం.

చర్చకు: మన సంఘంలో గత ఏడాది ఒక్కసారి కూడా మాట్లాడనివారు ఎవరు? వారిని మనం ఎప్పుడైనా అడిగామా?