పటమొకటి, సలహాలు పెక్కు

మన సంచికకు ముఖచిత్రము గీయ బూనిన తొమ్మిదవ తరగతి బాలుడొకడు మొన్న నాయొద్దకు వచ్చి చిన్నబోయి నిలిచెను. ఒకరు శేషాచలపు గొండలను వేయుమనిరట. ఒకరు దీపమును, ఒకరు పుస్తకమును, మరియొకరు బడిగంటను. అందఱి మాటయు మన్నింపగా పటము తిరునాళ్ల యంగడివలె నయ్యెను. వానికి జెప్పిన పాఠమునే యిచ్చట వ్రాయుచున్నాను.

పలువురి యభిప్రాయముల నడుమ రూపొందిన పటములలో మన జాతీయ పతాకమును మించినది లేదు. మన తెలుగువారగు పింగళి వెంకయ్యగారు 1916లోనే పతాకమును గూర్చి గ్రంథము ప్రకటించి పెక్కు నమూనాల నిచ్చిరి. 1921లో బెజవాడయందు అఖిల భారత కాంగ్రెసు సంఘము కూడినపుడు, ఎఱుపు, ఆకుపచ్చ వన్నెలపై రాట్నముండునట్లు పటము వ్రాసి యిమ్మని గాంధీగారు వెంకయ్యగారి నడిగిరి. రాట్నమును సూచించినవారు జలంధరు వాస్తవ్యులగు లాలా హంసరాజుగారు. మూడు గంటలలో పటము సిద్ధమైనను సభ ముందు పెట్టుటకు కొంత యాలస్యమయ్యెను. ఆ యాలస్యమే మేలయ్యెనని గాంధీగారు పిమ్మట వ్రాసిరి. ఏలయన, ఆ రెండు వన్నెలు హిందువులకును ముసల్మానులకును జెల్లుచుండగా, తక్కిన మతములవారికి చోటు లేదని వారికి దోచెను. అందుచే తెలుపు చేరెను. మన క్రైస్తవులమును ఆ తెలుపులోనివారమే.

చిక్కు ఇక్కడనే పుట్టెను. వన్నె మతమునకు గుర్తని యొప్పుకొనిన పిదప, మాకును ఒక వన్నె కావలెనని సిక్కులు కోరుట న్యాయమే గదా! కోరినవారి కెల్ల నొక్కొక పట్టీ చేర్చినచో గుడ్డ చాలునా? 1931లో ఏడుగురితో నొక యుపసంఘ మేర్పడెను. మన పట్టాభి సీతారామయ్యగారు నందొక సభ్యులు. వారు పలుచోట్ల నుండి యభిప్రాయములు తెప్పించుకొని, పతాకమంతయు కాషాయ వన్నెయే యుండి మూల రాట్నముండవలెనని సూచించిరి. వన్నె యొకటియే యైన తగవుండదని తలచిరి కాబోలు. ఆ యేటి ఆగస్టులో బొంబాయియందు అఖిల భారత సంఘము దాని నంగీకరింపలేదు. కాషాయము, తెలుపు, ఆకుపచ్చ యను మూడు పట్టీలను నిలిపి, ఇవి మతములకు గుర్తులు కావనియు, ధైర్యత్యాగములు, సత్యశాంతులు మొదలగు గుణములకు గుర్తులనియు నిర్ణయించెను. నా కిది మిక్కిలి నేర్పుగల తీర్పుగా దోచును. ఏ వన్నె యెవరిదను ప్రశ్నయే యుండకపోయిన పిదప, పట్టీ నడుగుట కెవరికిని కారణము లేదు.

1947 జూలై 22న రాజ్యాంగ సభలో రాట్నమునకు బదులు అశోకుని చక్రము వచ్చెను. నెహ్రూగారు చెప్పిన కారణములలో నొకటి బాలురు గమనింపదగినది. రాట్నమునకు ఒకవైపు చక్రము, రెండవవైపు కదురు. పతాకమును వెనుకనుండి చూచిన నవి తాఱుమాఱగును. చక్రమునకు ఆ బాధ లేదు. "నాకు నచ్చలేదు" అనుట యభిరుచి. ఇది యట్లు గాదు. గుడ్డను త్రిప్పి చూచిన వాడెవడైనను ఒప్పుకొనవలసినదే. పదిమంది పదివిధములుగా బలుకునపుడు ఇట్టి మాటను ముందుగా వినవలెను.

బాలుని సలహాదారుల నందఱిని బిలిపించి, ఏ వస్తువు వేయవలెనో చెప్పవద్దనియు, పటము చూచినవారికి మన పాఠశాలను గూర్చి యేమి తెలియవలెనో యొక్క వాక్యమున వ్రాసి యిమ్మనియు గోరితిని. తొమ్మిది చీట్లు వచ్చినవి. ఆఱింటిలో పల్లెలనుండి నడచి వచ్చు పిల్లల మాట యుండెను. వాడిప్పుడొక బాటను గీయుచున్నాడు. కొండ వెనుక సన్నని గీతగా నిలిచినది, గంట పోయినది. గంట నడిగినవాడు నిన్నటివఱకు వానితో మాటలాడలేదు. నేడు మాత్రము రంగుల గిన్నె పట్టుకొని ప్రక్కనే కూర్చుండెను.