లంగరు ఎత్తే యంత్రం – మన పదో తరగతి ఫిజిక్సు



నాంపల్లికి దగ్గరలోని హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవలను మనమందరం చూస్తుంటాం. అంత చిన్న పడవ లంగరును చేత్తోనే లాగవచ్చు. సముద్రంలో తిరిగే పది మీటర్ల షికారు పడవకు మాత్రం ‘విండ్‌లాస్’ అనే యంత్రం ఉంటే మేలు. దాన్ని ఎంచుకోవడానికి మన పదో తరగతి ఫిజిక్సు చాలు.

మొదట బరువు చూద్దాం. 8 మిల్లీమీటర్ల ఉక్కు గొలుసు మీటరుకు సుమారు 1.4 కిలోలు. 30 మీటర్లకు 42 కిలోలు. 15 కిలోల లంగరు కలిపితే 57. లంగరు బురదలో కూరుకుపోతుంది, గాలి పడవను నెడుతుంది. అందుకే దీనికి మూడు రెట్లు, అంటే సుమారు 170 కిలోలు లాగగల యంత్రం కావాలి. దాని చక్రం గాళ్ళలో గొలుసు కడియాలు సరిగ్గా కూర్చోవాలి. లేకపోతే జారుతుంది.

ఇక కరెంటు. 1000 వాట్లను 12 వోల్టులతో భాగిస్తే 83 ఆంపియర్లు! మన గదిలోని 60 వాట్ల ఫ్యాను 230 వోల్టుల మీద పావు ఆంపియరే తీసుకుంటుంది. ట్రూప్ బజార్‌లో ఫ్యానుకు కొనే సన్న వైరు ఇక్కడ వేస్తే నిప్పంటుకుంటుంది. లావు రాగి కేబులు, బ్యాటరీ దగ్గర బ్రేకరు తప్పనిసరి.

యంత్రాన్ని బిగించేటప్పుడు డెక్కు అడుగున గట్టి పలక వేసి బోల్టులు బిగించాలి. యంత్రం ఎత్తడానికే గాని పడవను ఆపడానికి కాదు. లంగరు వేశాక గొలుసు భారాన్ని డెక్కు మీది గట్టి గుంజకు కట్టాలి. తిరిగే గొలుసు దగ్గర వేళ్ళు పెట్టరాదు.

మా ఇళ్ళలో మొదట డిగ్రీ చదివింది మేమే. లెక్క తెలిస్తే ఎన్నడూ చూడని యంత్రం ముందు కూడా బెరుకుండదని మా నమ్మకం. సూత్రాలను పరీక్షతో వదిలేయకండి!