అటెంప్టుల లెక్క లేని కొండ

నెల్లూరు

చిరంజీవి చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజి చదివాను. సివిల్స్ మెయిన్స్ అయిపోయాయి, రిజల్ట్స్ వచ్చేదాకా గదిలో కూర్చుంటే పిచ్చెక్కుతుంది, రూమ్మేట్లు నలుగురం కలిసి అక్టోబరులో బాలి పాస్ దాటేస్తాం, గైడ్ దండగ, దారంతా ఫోన్లోకి ఎక్కించుకున్నాం అన్నావు. నేను ఫోన్ చేసి చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను.

వెళ్ళు. ముందు ఆ మాట. ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో బత్రా సినిమా చుట్టుపక్కల సందుల్లో, జెరాక్స్ నోట్సు కట్టల మధ్య, కిటికీ తీస్తే పక్కింటి గోడ చేతికి తగిలే గదిలో ఇన్నాళ్ళు మగ్గిన పిల్లకి నాలుగు రోజులు కొండగాలి తగలాలి. నేను ఢిల్లీలో ఉద్యోగం చేసిన రోజుల్లో సెలవు దొరికితే చాలు, కశ్మీరీ గేట్‌లో రాత్రి బస్సెక్కేదాన్ని. మీ పెదనాన్న "ఈవిడ పుట్టిల్లు నెల్లూరా, ఉత్తరకాశీనా" అని ఎకసెక్కాలాడేవారు. కాబట్టి కొండలంటే వద్దనే మనిషిని కాను నేను. బాలి పాస్ మాత్రం వద్దంటున్నాను.

ఉత్తరాఖండ్‌లోని సాంక్రీ ఊరి నుంచి రుయిన్‌సారా తాల్ మీదుగా ఎక్కి యమునోత్రి వైపు దిగే దారది. ఎత్తు 16,000 అడుగుల పైమాటే. అక్కడ గాలిలో మనకి అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. పైగా కనుమ దాటే దారి కాబట్టి ఒక చోటు దాటాక వెనక్కి రావడం కంటే ముందుకు పోవడమే నయమనిపిస్తుంది. అవతలి వాలేమో నిటారుగా, కాలు పెడితే జారే రాళ్ళతో ఉంటుంది. అక్టోబరులో ఆకాశం తేటగా ఉంటుందని రాశావు. చాలా ఏళ్ళు ఉంటుంది, నిజమే. 2021 అక్టోబరు మధ్యలో మాత్రం కింద కుండపోత, పైన మంచు. హర్సిల్ నుంచి లమ్‌ఖాగా పాస్ మీదుగా హిమాచల్‌లోని చిత్‌కుల్‌కి బయల్దేరిన బృందం ఆ మంచులో చిక్కుకుపోయింది. వంటవాళ్ళనీ, దారి తెలిసినవాళ్ళనీ వెంట పెట్టుకుని వెళ్ళినవాళ్ళే. చాలామంది ప్రాణాలతో రాలేదు. 2024 జూన్ మొదట్లో సహస్రతాల్ దగ్గర కర్ణాటక నుంచి వచ్చిన బృందంలో తొమ్మిదిమంది పోయారు. చెరువు చూసి తిరిగి వస్తుంటే తుఫాను పట్టుకుంది.

మంచు సంగతి అలా ఉంచు. నాకు అసలు దిగులు మీ నలుగురి బుద్ధుల గురించి. ముఖర్జీ నగర్‌లో మీకు పగలూ రాత్రీ నూరిపోసేది ఒకటే: పట్టు వదలకూడదు. జనరల్ వాళ్ళకి ఆరు అటెంప్టులు, ఏడాదికో ప్రిలిమ్స్, ఆ పొద్దు జ్వరమొచ్చినా వాంతులైనా గేటు మూసేలోపు లోపలికి పోవాల్సిందే. తలనొప్పికి మాత్ర మింగి ఓఎంఆర్ షీటు నింపేసి వస్తారు, దాన్ని గొప్పగా చెప్పుకుంటారు కూడా. పరీక్షకి ఆ మొండితనం కావాలి, కాదనను. కొండ మీద అదే ప్రాణం తీస్తుంది. పైకి పోవడానికి పెట్టిన డబ్బు, అడిగి తెచ్చుకున్న సెలవు, అమ్మానాన్నలకి చెప్పిన అబద్ధం, ఇన్‌స్టాగ్రామ్‌లో ముందే పెట్టేసిన పోస్టు, ఇవన్నీ కలిసి ఇంకొక్క గంట, ఇంకొక్క గంట అని తోస్తుంటాయి. శిఖరానికి 200 అడుగుల దూరంలో వెనక్కి తిరిగినవాళ్ళ పేరు ఏ లిస్టులోంచీ కొట్టెయ్యరమ్మా. అక్కడ వయోపరిమితి లేదు, అటెంప్టుల లెక్క లేదు.

మన జిల్లాలో పట్టుదల అనగానే ఎవరైనా చెప్పే పేరు మల్లి మస్తాన్‌బాబు. సంగం దగ్గర గాంధీ జనసంఘంలో పుట్టి, కోరుకొండ సైనిక్ స్కూల్లో, జంషెడ్‌పూర్‌లో, ఖరగ్‌పూర్ ఐఐటీలో, కలకత్తా ఐఐఎంలో చదివి, 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలూ 172 రోజుల్లో ఎక్కినవాడు. ఆ మనిషి 2015 మార్చి 24న ఆండీస్‌లో ట్రెస్ క్రూసెస్ సుర్ శిఖరానికి ఒంటరిగా బయల్దేరి మళ్ళీ కనపడలేదు. వాతావరణం చెడిపోయింది. దేహం దొరికింది ఏప్రిల్ 3న. అప్పటికి ఆయనకి నలభై ఏళ్ళు. ఆయన్ని తప్పుబట్టే అర్హత నాకు లేదు. అంతటివాడు ఎక్కడున్నాడో కనిపెట్టడానికే అన్నాళ్ళు పట్టిందంటే, ఫోన్లో మ్యాపు పెట్టుకుని పోయే మీ నలుగురి సంగతేమిటని అడుగుతున్నాను.

నువ్వు వెంటనే మాలావత్ పూర్ణ పేరు చెబుతావు. చెప్పు. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు కూడా నిండకుండా, ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ ఎక్కింది. గురుకులం పిల్లలు వాళ్ళు. పేపర్లన్నీ ధైర్యం, ధైర్యం అని రాశాయి. ఆ ధైర్యానికి ముందు భువనగిరి బండ మీద ఎక్కడం దిగడం ఉంది, డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థలో శిక్షణ ఉంది, లదాఖ్ చలి ఉంది, పక్కన శేఖర్‌బాబు లాంటి అనుభవజ్ఞుడైన కోచ్ ఉన్నాడు. మీకేముంది? నాలుగో అంతస్తు మెట్లు ఉన్నాయి. వెక్కిరింత అనుకోకు, వాటితోనే మొదలుపెట్టమంటున్నాను. బ్యాగులో లక్ష్మీకాంత్, స్పెక్ట్రం పుస్తకాలు వేసుకుని పొద్దునా సాయంత్రం ఎక్కి దిగు. ముఖ్యంగా దిగు. మోకాళ్ళు పట్టేసేది దిగేటప్పుడే. ఆదివారాలు యూనివర్సిటీ వెనక కమలా నెహ్రూ రిడ్జ్‌కి వెళ్ళి, కోతులకి ఏమీ చూపించకుండా, ఆగకుండా రెండు గంటలు నడువు. నడుస్తూ మాట్లాడగలిగితే సరైన వేగం. ఆయాసంతో మాట తెగిపోతుంటే తగ్గించు.

బాలి పాస్ బదులు అదే సాంక్రీ నుంచి కేదార్‌కంఠకి వెళ్ళండి. 12,500 అడుగులు. నలుగురికీ శిఖరం ఎక్కామన్న తృప్తి ఉంటుంది, పైన రాళ్ళ మధ్య శివుడి త్రిశూలం ఉంటుంది, ఎదురుగా స్వర్గారోహిణి, బందర్‌పూంచ్ కనపడతాయి. డిసెంబరులో మంచు కోసం జనం ఎగబడతారు. అక్టోబరులో మంచుండదు, జనమూ ఉండరు. నన్నడిగితే అదే మంచిది. వెళ్ళిన దారినే వెనక్కి రావచ్చు, దిగడం మొదలెట్టాక ఒక్క పూటలో అడవి నీడలోకి వచ్చేస్తావు. మొదటిసారికి కొండ ఎంత ఎత్తు అని చూడకూడదు, కిందికి ఎంత తొందరగా రావచ్చో చూడాలి. 2023 జూన్‌లో మీ ముఖర్జీ నగర్‌లోనే కోచింగ్ భవనంలో మంటలు లేస్తే పిల్లలు కిటికీల్లోంచి తాళ్ళు పట్టుకుని దిగిన వీడియో నువ్వే నాకు పంపావు. ఆ దెబ్బతో ఏ బిల్డింగ్‌లోకి వెళ్ళినా రెండో మెట్లదారి ఎక్కడుందో చూస్తున్నానన్నావు. ఆ చూపే కావాలి.

ఇప్పుడు ఎత్తు జబ్బు సంగతి. ఇది కాస్త ఓపిగ్గా చదువు. 8,000 అడుగులు దాటాక ఎవరికైనా రావచ్చు, జిమ్ముకి వెళ్ళేవాడికీ వస్తుంది. తలనొప్పి, వికారం, అన్నం సహించకపోవడం, నిద్ర పట్టకపోవడం. ఇంతవరకూ వస్తే ఆ రోజు అక్కడే ఆగాలి, తగ్గకపోతే దిగాలి. కూర్చున్నా ఆయాసం, నురగతో దగ్గు వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరినట్టు. నడక తూలితే, మాట తడబడితే మెదడు వాచినట్టు. ఈ రెండింటికీ మందు ఒకటే, రాత్రయినా సరే కిందికి దిగడం. 10,000 అడుగులు దాటాక ఒక రాత్రికీ మర్నాటి రాత్రికీ పడుకునే ఎత్తు 500 మీటర్ల కంటే పెంచకూడదని డాక్టర్లు చెబుతారు. డయామాక్స్ అనే మాత్ర ఉంది, అందరూ జేబులో వేసుకుంటున్నారు. సల్ఫా మందులు పడనివాళ్ళకి అది ప్రమాదం కావచ్చు, డాక్టర్ని అడక్కుండా మింగొద్దు.

ఒకసారి మాతో వచ్చిన ఆఫీసు కుర్రాడొకడు 13,000 అడుగుల దగ్గర క్యాంపులో రాత్రి రొట్టె ముట్టలేదు. ఆకలి లేదన్నాడు, ఊరికే నవ్వుతున్నాడు. గైడ్ ఏమీ అనలేదు. చేతికర్రతో మట్టిలో గీత గీసి, మడమకి వేలు ఆనించి దాని మీద నడవమన్నాడు. మూడో అడుగుకే కుర్రాడు పక్కకి ఒరిగాడు. "బూటు జారింది" అన్నాడు. గైడ్ అతని బ్యాగు తన భుజానికి తగిలించుకుని, తలకి లైటు కట్టుకుని, అప్పటికప్పుడు దింపుకుపోయాడు. పొద్దున్నే కింది క్యాంపుకి వెళ్ళి చూస్తే ఆ కుర్రాడు పరాఠాలు తింటూ కూర్చున్నాడు. అడిగితే ముందురోజు మధ్యాహ్నం నుంచే తల పగిలిపోతోందట. మిగతావాళ్ళ ట్రిప్పు చెడగొట్టడం ఎందుకని చెప్పలేదట. మీ నలుగురిలోనూ అలాంటిది ఒకత్తి ఉంటుంది. అది నువ్వే అని నా అనుమానం. అందుకే రోజూ రాత్రి భోజనాల దగ్గర ఒకరినొకరు అడగండి: తల నొప్పా, తిన్నావా, ఒంటేలు సరిగా వస్తోందా. సిగ్గుపడే విషయమేమీ కాదు.

దీనికోసమే గైడ్ కావాలంటున్నాను. దారి ఫోన్ చూపిస్తుంది, మనిషి మొహం చూసి జబ్బు కనిపెట్టదు. చలికి బ్యాటరీ కూడా ఇట్టే దిగిపోతుంది. రాత్రి ఫోన్‌నీ పవర్ బ్యాంక్‌నీ స్లీపింగ్ బ్యాగ్‌లో నీతోపాటే పడుకోబెట్టుకో. విదేశీ వీడియోల్లో చూపించే శాటిలైట్ మెసెంజర్లు ఆన్‌లైన్లో తెప్పిద్దామనే ఆలోచన మీలో ఎవరికైనా ఉంటే మానుకోమను. మన దేశంలో అనుమతి లేకుండా వాడితే కేసు పెడతారు, సివిల్స్ రాసే పిల్లకి ఆ తద్దినం దేనికి? సాంక్రీ వాళ్ళనే మాట్లాడుకోండి. నలుగురూ పంచుకుంటే ఒక్కొక్కరి వాటా మీ టెస్ట్ సిరీస్ ఫీజు ముందు ఎంత? శిఖరం రోజు చీకటితో లేస్తారు కదా, ముందు రాత్రే నలుగురి ఎదుటా గైడ్‌తో చెప్పించుకోండి, ఎన్ని గంటలకి ఎక్కడున్నా వెనక్కి తిరగాలో. ఆ టైము అయ్యాక వాదన ఉండకూడదు. నలుగురిలో నెమ్మదిగా నడిచేది ఎవరో ఆవిడే ముందు నడవాలి.

సామాను. మజ్నూ కా టీలా మీకు పక్కనే, టిబెటన్ల దుకాణాల్లో జాకెట్లు చవగ్గా వస్తాయి, బేరమాడు. బూట్ల దగ్గర మాత్రం కక్కుర్తి పడకు. ఈ వారమే కొని, పాలకీ కూరగాయలకీ అవే వేసుకుని తిరుగు. కొత్త బూటుతో కొండెక్కితే రెండో రోజుకి మడమ బొబ్బలెక్కుతుంది. జీన్సు వద్దు, నూలు బనియన్లు వద్దు, చెమటకి తడిసి ఆరవు, ఆగగానే వణుకు పుడుతుంది. ప్రతి వెయ్యి మీటర్లకీ ఆరున్నర డిగ్రీల దాకా చల్లబడుతుందని నీ జాగ్రఫీ పుస్తకంలోనే ఉంది. వీపు మీద బరువు నీ బరువులో అయిదో వంతు దాటనివ్వకు. నడుం బెల్టు బిగించి కట్టు, బరువు తుంటి మీద కూర్చోవాలి, భుజాల మీద కాదు.

తిండికి మీ సందులో బీహారీ పిల్లలు తాగే సత్తు పిండిని మించింది లేదు. నేను పల్లీ చిక్కీ, పప్పుల పొడి పంపుతాను. పైన అన్నం సరిగా ఉడకదు, 12,000 అడుగుల్లో నీళ్ళు 90 డిగ్రీలు కూడా కాకుండానే మరుగుతాయి. కుక్కర్ ఉంటేనే పప్పు ఉడికేది. అది వంటవాడి తలనొప్పి. నీ పని రోజుకి మూడు నాలుగు లీటర్ల నీళ్ళు తాగడం. పొదలచాటుకి వెళ్ళడం కష్టమని నీళ్ళు తగ్గించే ఆడపిల్లల్ని చూశాను, ఎత్తు జబ్బుకి తలుపు తీసినట్టే అది. డేట్ దగ్గరలో ఉంటే ప్యాడ్లు, కాగితపు సంచులు, అన్నీ పెట్టుకోడానికి జిప్ కవరొకటి తీసుకెళ్ళు. వాడినవి కొండ మీద పాతిపెట్టకుండా వెనక్కి తెచ్చెయ్యి. చలికి అక్కడ ఏదీ కుళ్ళదు. బుగ్యాల్ పచ్చికల్లో రాత్రి టెంట్లు వేయకూడదని ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో అన్నది ఇలాంటి చెత్త చూసీ చూసీ విసిగే.

ప్రయాణం సులువే. జీటీబీ నగర్‌లో మెట్రో ఎక్కితే కశ్మీరీ గేట్. రాత్రి బస్సు డెహ్రాడూన్‌కి. పొద్దున్నే రైల్వే స్టేషన్ దగ్గర సాంక్రీ బస్సు ఉంటుంది, ముస్సోరీ, పురోలా, మోరీ మీదుగా పగలంతా పడుతుంది. కిటికీ సీటు పట్టుకో, వాంతులవుతాయనిపిస్తే ముందు వరసలో కూర్చో. నైట్వార్ దగ్గర అటవీశాఖ చెక్‌పోస్టు, ఐడీ కార్డు చేతిలో ఉంచుకోండి. పురోలాలో దిగినప్పుడు నాకొక ఫోన్ చెయ్యి, గైడ్ పేరు, నంబరు, ఏ రోజు కిందికొస్తారో చెప్పు. ఆ రోజు దాటి ఒక పూట ఆలస్యమైతే నేనేం చేస్తానో నీకు తెలుసు కదా, 112కి ఫోన్ చేసి ఉత్తరాఖండ్ మొత్తం లేపుతాను.

మీ అమ్మకి నేనింకా ఏమీ చెప్పలేదు. నువ్వు బూట్లు కొని, బాలి పాస్ మాట మానేశామని మెసేజి పెట్టిన రోజు నేనే ఇంటికి వెళ్ళి కూర్చోబెట్టి చెబుతాను. అంతవరకూ మీ చెల్లికి కూడా తెలియనివ్వకు, దాని నోట్లో నువ్వుగింజ నానదు.

ఇట్లు
నీ పెద్దమ్మ