ఎర్ర గీత మాత్రలు ఫోన్లో తెప్పించుకుంటే

మాత్రల స్ట్రిప్పు మీద నిలువుగా ఒక ఎర్ర గీత, దాని దగ్గర ఆర్‌ఎక్స్ అనే గుర్తు చూసే ఉంటారు. దాని పక్కన రాసిందంతా ఇంగ్లీషే. తెలుగు, కన్నడ రెండూ చదివే మా అవ్వ ఇన్నాళ్లూ అది కంపెనీవాళ్ల డిజైన్ అనుకునింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు అని ఆ గీతకు అర్థం.

పోయిన నెల అవ్వ బీపీ మాత్రలు అయిపోతే మండికల్ నుంచి చిక్కబళ్లాపురం దాకా ఎవరు పోతారని నేనే ఫోన్లో ఆర్డరు పెట్టాను. చీటీ అడిగారు, పాతది కనబడలేదు. ఎవరో ఫోన్ చేసి రెండు ప్రశ్నలు వేశారు, అంతే, మేమెన్నడూ చూడని డాక్టరు పేరుతో చీటీ తయారైంది! మాత్రలు వచ్చాయి, అవ్వకేమీ కాలేదు. కానీ ఇది చట్టానికి ఒప్పుతుందా అనే అనుమానం మాత్రం పోలేదు.

మందుల చట్టం 1940 నాటిది, దాని నియమాలు 1945 నాటివి. అప్పటి లెక్కలో మందుల షాపంటే ఒక గది, గోడకు లైసెన్సు, లోపల ఫార్మసిస్టు. ఫోన్లో అమ్మే షాపు అందులో ఎక్కడుంటుంది? ఆన్‌లైన్ అమ్మకాలకు విడిగా నియమాలు తెస్తామని 2018 ఆగస్టు 28న కేంద్రం ముసాయిదా ఇచ్చింది. ఏళ్లు గడిచినా అది ఖరారు కాలేదు. ఆ డిసెంబరులోనే ఢిల్లీ హైకోర్టు లైసెన్సు లేని ఆన్‌లైన్ అమ్మకాలను ఆపమంది. కరోనా వచ్చాక 2020 మార్చి 26న ఇంటికి మందులు పంపడానికి అనుమతి ఇచ్చారు గానీ, షాపూ ఇల్లూ ఒకే రెవెన్యూ జిల్లాలో ఉండాలన్నారు. మన జిల్లా 2007లో కోలారు నుంచి విడిపోయింది. అంటే ఆ లెక్కన బెంగళూరు గోడౌనే కాదు, కోలారు షాపు కూడా మనకు పరాయిదే.

లైసెన్సు లేకుండా అమ్మినవాళ్లకు చట్టంలో మూడు నుంచి అయిదేళ్ల జైలు ఉంది. కొన్నవాళ్లను ఈ చట్టం పెద్దగా పట్టించుకోదు. అందుకే మనకేం భయం అనుకుంటాం. అయితే 26వ సెక్షన్ ప్రకారం మందు కొన్న ఎవరైనా రుసుము కట్టి దాన్ని ప్రభుత్వ ల్యాబులో పరీక్ష చేయించుకోవచ్చు. నకిలీ అని తేలాక బిల్లు లేకుంటే, అందులో లైసెన్సు నంబరూ బ్యాచ్ నంబరూ లేకుంటే, ఎవరి మీద కేసు పెడతాం? 2019 వినియోగదారుల చట్టం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయనిస్తుంది, కానీ ఎదుటివాడికి ఒక అడ్రసు ఉండాలి గదా.

కొన్నవాళ్లే దొరికిపోయే మందులూ ఉన్నాయి. నిద్రమాత్రల్లో వాడే ఆల్‌ప్రజోలామ్, నొప్పికి ఇచ్చే ట్రమడాల్ 1985 మత్తుమందుల చట్టం కిందికి వస్తాయి. వాటి స్ట్రిప్పు మీద ఎన్‌ఆర్‌ఎక్స్ అని ఉంటుంది. చీటీ లేకుండా వాటిని కొనడమూ నేరమే, దగ్గర పెట్టుకోవడమూ నేరమే. పరీక్షల ముందు నిద్ర పట్టలేదని తెప్పించుకున్నా అంతే.

ఇంకొకటి ఉంది. గోడపత్రికలో రాయాలా వద్దా అని ఒక పూట ఆలోచించాను. ఆడపిల్లల కాలేజీలో రాయకుంటే ఇంకెక్కడ రాస్తాం? గర్భం పోవడానికి వాడే మాత్రల కిట్టు కూడా చీటీ మందే. ఎవరికీ తెలియకూడదని ఫోన్లో తెప్పించుకునేవాళ్లున్నారు. డాక్టరు లేకుండా మింగితే రక్తస్రావం ప్రమాదం ఒకటి, చట్టం ఇంకొకటి. పాత శిక్షాస్మృతిలో 312వ సెక్షన్, 2024 జూలై నుంచి కొత్త న్యాయ సంహితలో 88వ సెక్షన్, తన గర్భం తానే పోగొట్టుకున్న స్త్రీని కూడా నేరస్తురాలే అంటాయి. మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. అదే పని అర్హత ఉన్న డాక్టరు దగ్గర, 1971 చట్టం చెప్పిన కారణాలతో జరిగితే నేరం కాదు. ఇరవై వారాల లోపు ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. పద్దెనిమిది నిండినామె ఒప్పుకుంటే చాలు, భర్తదో నాన్నదో సంతకం అడగకూడదు. 2021లో చేర్చిన 5ఏ సెక్షన్ ప్రకారం, చట్టం అనుమతించినవాళ్లకు తప్ప ఇంకెవరికైనా ఆమె పేరు చెబితే ఆ డాక్టరుకే ఏడాది దాకా జైలు.