సెల్‌ఫోనులోని ఫోటోలను కంప్యూటరునకు చేర్చుట

ఒకప్పుడు రైతుయొక్క కాగితములు ట్రంకు పెట్టెలో నుండెడివి. నేడు వానిలో పెక్కింటికి సెల్‌ఫోనే పెట్టె యైనది. పట్టాదారు పాసు పుస్తకము, ఎరువుల దుకాణపు బిల్లు, ధాన్యమును కాటా వేసిన చీటీ, గాలివానకు పడిపోయిన చేను, వీనినన్నిటిని ఫోటో తీసి ఫోనునందే యుంచుకొనుట సభ్యులకు వాడుక యైనది. వాడుక మంచిదే. అయితే ట్రంకు పెట్టె కాలువలో పడదు, ఫోను పడును. జేబునుండి జారి నీళ్ల తొట్టిలో పడిన ఫోనుతోకూడ రెండు మూడేండ్ల చీటీలు పోగొట్టుకొన్న వారిని మేము గ్రామములలో చూచుచునే యున్నాము. కావున ఫోనును కంప్యూటరునకు తీగతో కలిపి, అందలి ఫోటోల నకళ్లను వేఱొక చోట భద్రపఱచు విధమును ఈ నెల వివరించెదము.

“అంత శ్రమ యెందులకండీ? వాట్సాప్‌లో మా అబ్బాయికి పంపియున్నాము గదా” యని కొందఱు సభ్యులు మమ్ము అడుగుచుందురు. వాట్సాప్ ఫోటోను పంపునపుడు దాని పరిమాణమును తగ్గించి పంపును. పెద్ద అక్షరములు నిలుచును గాని, సన్నని సర్వే నంబరు, మసకగా పడిన ముద్ర చెదరిపోవచ్చును. అంతకంటె పెద్ద నష్టము మఱియొకటి కలదు. ఫోను తీసిన ఫోటో లోపల, కంటికి కనబడకుండ, తీసిన తేదీయు గంటయు వ్రాయబడి యుండును. మనము అనుమతి యిచ్చియున్నచో స్థలము కూడ నుండును. వాట్సాప్‌లో ఫోటోగా పంపినచో ఆ వ్రాత తొలగిపోవును. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనయందు వడగండ్లు, ముంపు మొదలగు స్థానిక విపత్తులవలని నష్టమును 72 గంటలలోగా తెలుపవలెనని నియమము. చేను ఏనాడు మునిగినదన్న ప్రశ్న తరువాత వచ్చినచో, లోపల తేదీగల మూలప్రతి రైతు మాటకు బలము చేకూర్చును. వాట్సాప్‌లోనే డాక్యుమెంటుగా పంపినచో ఈ నష్టము లేదు. కాని యట్లు పంపువారు మాకు అరుదుగా కనబడిరి. తీగద్వారా తీసిన నకలు మూలమునకు సరిసమానమై యుండును.

ఇక తీగ సంగతి. “కంప్యూటరు మా ఫోనును పట్టుకొనుట లేదు” అను ఫిర్యాదు, మేము చూచినంతలో, తీగవలననే తఱచు పుట్టుచున్నది. సాధారణమైన యూఎస్‌బీ తీగలోపల నాలుగు సన్నని తంతులుండును. రెండు కరెంటును మోయును. తక్కిన రెండు సమాచారమును మోయును. సంతలో చౌకగా దొరకు కొన్ని తీగలలో కరెంటు తంతులు రెండే యుండును. అట్టి తీగతో ఫోను ఛార్జి యగును గాని, కంప్యూటరునకు దాని యునికియే తెలియదు. పైకి రెండును ఒకే రీతిగా నుండును. కావున ఫోనుతో వచ్చిన తీగను పాఱవేయక దాచుకొనవలెను. క్రొత్తది కొనునపుడు “డేటా కేబులు” అని యడిగి కొనుడు. వీలైనచో అంగడిలోనే కంప్యూటరునకు పెట్టించి చూడుడు. పాత ఫోనుల చిన్న ముక్కు ఒక వైపుననే దూరును. దానిని బలవంతముగా త్రోయరాదు. టైప్-సి ముక్కును ఎటు పెట్టినను దూరును.

తీగ మంచిదైనను నిలువక కదలుచున్నచో ఫోను రంధ్రమును వెలుతురులో చూడుడు. చొక్కా జేబులోని దుమ్ము, ప్రత్తి తీయు కాలమున నూగు, అందు చేరి గట్టిపడును. ఫోనును ఆపివేసి, పొడి పుల్లతో మెల్లగా గీఁకి తీయవలెను. పిన్నీసు, సూది మొదలగు ఇనుప వస్తువులు తగదు. నోటితో ఊదినచో తడి లోపలికి పోవును.

తీగ కలిపిన పిమ్మట ఫోను తాళము తీసి యుంచవలెను. 2015లో వచ్చిన ఆండ్రాయిడు 6 మొదలుకొని, తీగ కలిపినంతనే ఫోను ఛార్జి మాత్రమే పుచ్చుకొనును, సమాచారము నీయదు. తెరను పైనుండి క్రిందికి లాగి, యూఎస్‌బీ అను సూచనను తాకి, “ఫైల్ ట్రాన్స్‌ఫర్” అనుదానిని ఎంచుకొనవలెను. అప్పుడు కంప్యూటరునందు ఫోను పేరు కనబడును. దానిని తెఱచి, ఇంటర్నల్ స్టోరేజి, అందు డీసీఐఎం, అందు కెమెరా అను ఫోల్డరునకు పోయినచో మన ఫోటోలుండును.

ఇట్లు అడిగి యిచ్చు పద్ధతి యెందులకన్నచో, మన సంఘపు గోదామును తలచుకొనుడు. సభ్యుడు తిన్నగా లోనికి పోయి బస్తా మోసికొని రాడు. గుమస్తాను అడుగును, అతఁడు తెచ్చి యిచ్చును. పూర్వపు ఫోనులు తాళపుచెవినే కంప్యూటరు చేతికిచ్చి, తాము అంతవఱకు ఊరకుండెడివి. 2011లో వచ్చిన ఆండ్రాయిడు 3 మొదలు ఫోనే గుమస్తా యైనది. అందువలననే ఫోను తాళము వేసియున్నచో కంప్యూటరున ఫోల్డరు ఖాళీగా కనబడును. భయపడ నక్కఱలేదు, తాళము తీసినచో అన్నియు వచ్చును. ఐఫోనైనచో “ఈ కంప్యూటరును నమ్మెదరా” యని యడిగి, రహస్యసంఖ్య పుచ్చుకొని, ఫోటోలను చూపును.

ఫోటోలను “కాపీ” చేయవలెను, “కట్” చేయరాదు. కట్ చేయునపుడు నడుమ కరెంటు పోయినను, తీగ కదలినను, ఫోటో ఇటును లేక అటును లేక పోవచ్చును. కాపీ యైన తరువాత రెండు చోట్లను ఫోటోల సంఖ్యను సరిచూచి, నాలుగైదు తెఱచి చూడుడు. ఫోనులో చోటు కావలసినచో అటు పిమ్మటనే తుడిచివేయుడు. ఫోల్డరునకు సంవత్సరము, పంట కాలము, సర్వే నంబరు కలిపి పేరు పెట్టినచో వెదకుట సులభము.

పరుల కంప్యూటరు విషయమున జాగ్రత్త వలయును. ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకొన్న క్షణమునుండి కెమెరా ఫోల్డరే గాక ఆధారు కార్డు, బ్యాంకు పుస్తకము, ఇంటి ఆడువారి ఫోటోలు సైతము ఎదుటివారికి తెఱచి యుండును. బజారులోని దుకాణమున కలిపినచో తెరముందునుండి లేవకుండుడు. “యూఎస్‌బీ డీబగ్గింగ్”కు అనుమతి నిమ్మని ఫోను అడిగినచో నిరాకరింపుడు. ఫోటోలు తీయుటకు దానితో పనిలేదు. బస్సు స్టాండులోని ఛార్జింగు తీగలవలన సమాచారము దొంగిలింపబడవచ్చునని భారతీయ రిజర్వు బ్యాంకు 2022లో ప్రకటించిన పుస్తకమున హెచ్చరించినది. అచ్చట తన ఛార్జరును గోడ ప్లగ్గులో పెట్టుకొనుట మేలు.

దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు కంప్యూటరు వసతి కల్పించు పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూనులో ఆమోదించినది గనుక, ఇంట కంప్యూటరు లేని సభ్యులు తమ సంఘ కార్యాలయమున కార్యదర్శి అనుమతితో ఈ పని చేసికొన యత్నింపవచ్చును. పోవునపుడు ఒక పెన్‌డ్రైవు వెంట తీసికొనిపొండు. ఫోటోలు మొదట కంప్యూటరునకును, అచ్చటనుండి పెన్‌డ్రైవునకును ఎక్కించి, సరిచూచుకొన్న తరువాత కార్యాలయపు కంప్యూటరులోని నకలును తీసివేయించి, పెన్‌డ్రైవును ఇంటికి కొనివచ్చి పాసు పుస్తకము చెంత నుంచుడు.