కంపెనీ ఇన్సూరెన్సు కార్డు ఉన్నా మనమే కట్టవలసిన ఖర్చులు

నర్సులకు ఇన్సూరెన్సు సంగతులు ఎందుకని మేమూ ఒకప్పుడు అనుకున్నాము. కానీ డిశ్చార్జి రోజున బిల్లు పట్టుకొని "సిస్టర్, కార్డు ఉంది కదా, మళ్ళీ డబ్బేమిటి?" అని అడిగేది మమ్మల్నే. ఆ మధ్య ఒక అబ్బాయి పిత్తాశయంలో రాళ్ళ ఆపరేషనుకు తల్లిని తీసుకొచ్చాడు. కార్డు ఉంది కదా, అమ్మ సుఖంగా ఉండాలని పెద్ద గది తీసుకున్నాడు. ఇంటికి వెళ్ళే రోజు కోడలి గొలుసు తాకట్టుకు వెళ్ళింది. గది గురించి మేము ముందే చెప్పవలసింది, చెప్పలేదు.

అక్కడ జరిగింది ఇది. చాలా కంపెనీ పాలసీలలో గది అద్దెకు రోజుకు ఇంత అని హద్దు ఉంటుంది. తరచుగా అది పాలసీ మొత్తంలో నూటికి ఒక వంతు. 3 లక్షల పాలసీ అయితే రోజుకు 3,000 రూపాయలు. మీరు 6,000 రూపాయల గదిలో మూడు రోజులు ఉంటే, తేడా 9,000 మీదే. అంతటితో పోదు. గది అద్దెలో సగమే ఇచ్చారు కనుక డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు, నర్సింగు చార్జీలలో కూడా సగమే ఇస్తారు. అవి 60,000 అయితే మరో 30,000 మీరు కట్టాలి. మందులు, పరీక్షలు సాధారణంగా ఈ కోతలోకి రావు. గ్లౌజులు, డైపర్లు వంటి చిల్లర సామాను మాత్రం చాలా పాలసీలు ఇవ్వవు.

రెండవది 24 గంటల నియమం. ఓ.పి.లో చూపించుకొని వెళ్తే చాలా పాలసీలలో డబ్బు రాదు. డయాలిసిస్, కీమోథెరపీ, కంటి శుక్లాల ఆపరేషను వంటివాటికి ఒకే రోజైనా ఇస్తారు. కేవలం పరీక్షల కోసం చేరితే ఇవ్వరు. "కేసు షీటులో ఒక రాత్రి రాసిపెట్టండమ్మా" అని అడిగేవారున్నారు. రాయము. అబద్ధపు క్లెయిము బయటపడితే మీ పాలసీకే ముప్పు.

కళ్ళద్దాలు, వినికిడి మిషను, అందం కోసం చేసే ఆపరేషన్లు, సంతానలేమి చికిత్స మామూలుగా ఉండవు. పంటి చికిత్స ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితేనే. కాలిన గాయాలకు, ప్రమాదం తర్వాత అవసరమైన ప్లాస్టిక్ సర్జరీ వేరు, దానికి వస్తుంది. కాన్పుకు చాలా కంపెనీలు ఒక హద్దు వరకు ఇస్తాయి. బిడ్డ పుట్టగానే ఆఫీసులో పేరు నమోదు చేయించడం మరువకండి. మానసిక వ్యాధికి ఇన్సూరెన్సు ఉండదని చాలామంది అనుకుంటారు. శరీర వ్యాధితో సమానంగా దానికీ ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతున్నది.

తాగుడు మాన్పించే చికిత్సకు ఎక్కువ పాలసీలు ఇవ్వవు. అందుకని కొందరు భార్యలు, తల్లులు ఆ మాట డాక్టరు దగ్గర దాస్తారు. వారి భయం మాకు తెలుసు. కానీ రోజూ తాగే మనిషికి మందు ఒక్కసారి ఆగిపోతే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్లు, మతి తప్పడం రావచ్చు. ప్రాణం కూడా పోవచ్చు. ముందు తెలిస్తే మేము దానికి మందు ఇవ్వగలము. క్లెయిము పోయినా సరే, ఆ ఒక్కటి మాత్రం దాచకండి.

ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవారికి ఈ లెక్కలు వర్తించవు. అది వేరే పథకం, అందులో ఓ.పి. వైద్యం, మందులు కూడా ఉన్నాయి.

ఆపరేషనుకు తేదీ అనుకోగానే ఆఫీసులో పాలసీ కాగితం అడిగి, గది హద్దు ఎంతో రాయించుకొని రండి. చేరేటప్పుడు కౌంటరులో ఆ అంకె చూపిస్తే దానికి తగిన గదే ఇస్తాము. క్లెయిము తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు ఇన్సూరెన్సు కంపెనీకి ఫిర్యాదు రాయాలి. నెల రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. దానికి ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. డిశ్చార్జి సమ్మరీ, బిల్లుల నకళ్ళు జతపరచాలి, కాబట్టి వాటిని పారేయకండి.