ఓడిపోయిన తీర్పు

2008లో విక్రమ సింహపురి రాకముందు, విడవలూరు నుంచి నెల్లూరెళ్ళి డిగ్రీ చదివిన మన పెద్దవాళ్ళ పట్టాలు తిరుపతి ఎస్వీ యూనివర్సిటీవే. 1954లో అది పుట్టినప్పుడు దాని ఛాన్సలర్ కోకా సుబ్బారావు గారు. రాజమండ్రిలో పుట్టి, మద్రాసులో లాయరుగా ఉండి, 1948లో జడ్జి అయ్యారు. 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి. మరుసటి ఏడాదే రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి ఓడిపోయారు. అది నాకు నచ్చలేదు, సరే.

నచ్చింది ఖరక్ సింగ్ కేసు. పోలీసులు అతని మీద నిఘా పెట్టారు. అర్ధరాత్రి ఇంటికొచ్చి తలుపు కొట్టడం మాత్రమే తప్పు, ప్రైవసీ అనే హక్కు రాజ్యాంగంలో లేదు అన్నారు 1962లో మెజారిటీ జడ్జీలు. సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. వెనకాల ఎప్పుడూ కళ్ళు ఉంటే మనిషి స్వేచ్ఛగా తిరిగినట్టు కాదన్నారు. అప్పుడు ఓడిన ఆ వాదనే సరైనదని 2017లో తొమ్మిది మంది జడ్జీలు తేల్చారు. ఇవాళ మన ఫోన్‌లోని డేటా కోసం కోర్టుకెళ్ళే లాయర్లు ముందు చూపించేది ఆ 2017 తీర్పునే.